గేమ్, హాబీ షాపుల వ్యాపార బీమా – శాన్ రామన్

బోర్డు గేములు, ట్రేడింగ్ కార్డులు, మినియేచర్లు, ప్లాస్టిక్ మోడల్ కిట్లు, రిమోట్ కార్లు, డ్రోన్ల వంటివి అమ్మే చిన్న దుకాణాలు నష్టాల నుంచి కాపాడుకోవడానికి తీసుకునే పాలసీలన్నింటినీ కలిపి గేమ్, హాబీ షాపుల వ్యాపార బీమా అంటారు. అమెరికాలో దీనికంటూ ప్రత్యేక చట్టం లేదు. చిల్లర దుకాణాలన్నింటికీ అమ్మే ప్యాకేజీ పాలసీనే వీటికీ అమ్ముతారు. అయితే ఈ షాపులు కిరాణా కొట్టుకూ బట్టల దుకాణానికీ రెండు విషయాల్లో భిన్నమైనవి. వీటి సరుకు ధర నిలకడగా ఉండదు. వచ్చిన మనిషి కొనుక్కుని వెళ్లిపోడు, బల్ల దగ్గర కూర్చుని గంటల తరబడి ఆడతాడు. మామూలు పాలసీలో బయటపడే లోపాలు చాలావరకు ఈ రెండు చోట్లే ఉంటాయి. కాలిఫోర్నియాలోని శాన్ రామన్ వంటి ఊళ్లో వీటికి భూకంప భయం కూడా తోడవుతుంది.

ఊరు, వ్యాపారం

శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా తూర్పు భాగంలో, కాంట్రా కోస్టా కౌంటీలో 680 నంబరు ఇంటర్‌స్టేట్ రహదారి వెంబడి శాన్ రామన్ ఉంది. 1983లో నగరంగా ఏర్పడింది. 2020 జనగణన ప్రకారం జనాభా 84,605. ఊరి ఆర్థిక జీవితానికి బిషప్ రాంచ్ బిజినెస్ పార్కు కేంద్రం. చెవ్రాన్ సంస్థ 2001లో తన ప్రధాన కార్యాలయాన్ని శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఇక్కడికి మార్చింది. దాన్ని హ్యూస్టన్‌కు తరలిస్తున్నట్టు 2024లో ప్రకటించింది. ఇటలీ వాస్తుశిల్పి రెంజో పియానో రూపకల్పన చేసిన సిటీ సెంటర్ బిషప్ రాంచ్ అనే వాణిజ్య సముదాయం 2018 నవంబరులో తెరుచుకుంది. తూర్పున డౌర్టీ వ్యాలీ కొత్త కాలనీల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు గణనీయంగా స్థిరపడ్డాయి.

ఈ వ్యాపారానికి ఇప్పుడున్న రూపం యాభై ఏళ్లలో వచ్చింది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో, మ్యాజిక్: ది గ్యాదరింగ్ 1993లో వెలువడ్డాయి. జపాన్‌లో 1996లో పుట్టిన పోకెమాన్ కార్డుల ఆట 1999 జనవరిలో అమెరికా చేరింది. పుస్తకాల్లా అమ్ముకునే ఆటలతో పాటు పోటీలు, వారపు ఆటలు, పుట్టినరోజు వేడుకలు కూడా దుకాణాల ఆదాయంలో భాగమయ్యాయి. ఇదే కౌంటీలోని కాంకర్డ్‌లో బ్లాక్ డైమండ్ గేమ్స్ నడిపే గ్యారీ రే ఈ వ్యాపారం మెళకువల మీద ‘ఫ్రెండ్లీ లోకల్ గేమ్ స్టోర్’ అనే పుస్తకం రాశారు.

చట్టం అడిగేది, లీజు అడిగేది

కాలిఫోర్నియాలో ఒక్క ఉద్యోగి ఉన్నా, పనిలో గాయపడినవారికి పరిహారమిచ్చే వర్కర్స్ కాంపెన్సేషన్ బీమా తప్పనిసరి. 1911లో ఐచ్ఛికంగా మొదలైన ఈ విధానాన్ని 1913 నాటి చట్టం నిర్బంధం చేసింది. ప్రైవేటు కంపెనీలు ఇవ్వకపోతే తీసుకోవడానికి స్టేట్ కాంపెన్సేషన్ ఇన్సూరెన్స్ ఫండ్ 1914 నుంచి ఉంది. బీమా లేకుండా మనుషుల్ని పెట్టుకోవడం నేరం. కనీసం 10 వేల డాలర్ల జరిమానా గానీ, ఏడాది వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఒక్కడే యజమానిగా ఉండి తనే దుకాణం చూసుకునేవారికి ఈ నిబంధన వర్తించదు. కార్పొరేషన్‌లో కనీసం 10 శాతం వాటా ఉన్న అధికారులు రాతపూర్వకంగా మినహాయింపు కోరవచ్చు. జీతం తీసుకుని పనిచేసే బావమరిది మాత్రం చట్టం దృష్టిలో ఉద్యోగే.

పోటీలు నడిపించే జడ్జీల విషయంలో చిక్కు ఉంది. చాలా షాపులు వీరికి డబ్బుకు బదులు కార్డు ప్యాకెట్లో, దుకాణంలో వాడుకునే క్రెడిట్టో ఇస్తాయి. 2018లో డైనమెక్స్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 2020 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఏబీ-5 చట్టం ఎవరిని స్వతంత్ర కాంట్రాక్టరుగా చూపవచ్చన్న దాన్ని బాగా కుదించాయి. తాము ఉద్యోగులమేనంటూ కొందరు మ్యాజిక్ జడ్జీలు 2016లోనే ఆ ఆటను ప్రచురించే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ మీద కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో దావా వేశారు. జడ్జి ఉద్యోగి అని తేలితే అతనికి తగిలిన దెబ్బకు వర్కర్స్ కాంపెన్సేషన్ పాలసీయే దిక్కు. సాధారణ బాధ్యత బీమా ఉద్యోగుల గాయాలను మినహాయిస్తుంది.

తెలుగు కుటుంబాల్లో వీసా ప్రశ్న కూడా వస్తుంది. హెచ్-1బి ఉద్యోగుల కుటుంబ సభ్యులకిచ్చే హెచ్-4 వీసా మీద ఉన్నవారిలో అర్హులైన వారికి 2015 మే 26 నుంచి పని అనుమతి దొరుకుతోంది. ఆ అనుమతితో సొంత వ్యాపారం కూడా చేసుకోవచ్చు. హెచ్-1బి ఉద్యోగం మాత్రం దరఖాస్తు పెట్టిన యజమానికే కట్టుబడి ఉంటుంది. కాబట్టి దుకాణం భార్య పేరు మీద ఎల్‌ఎల్‌సీగా ఉండి, లీజు భర్త పేరు మీద ఉండడం అసాధ్యమేమీ కాదు. పాలసీలో బీమాదారుగా ఎవరి పేరుంటే రక్షణ వారికే. లీజు, వ్యాపార లైసెన్సు, పాలసీ మూడింటిలో ఒకే పేరు ఉండకపోతే క్లెయిము దగ్గర వివాదం వస్తుంది.

బాధ్యత బీమాను చట్టం అడగకపోయినా లీజు అడుగుతుంది. వాణిజ్య సముదాయాల యజమానులు సాధారణంగా ఒక్కో సంఘటనకు 10 లక్షల డాలర్లు, ఏడాది మొత్తానికి 20 లక్షల డాలర్ల పరిమితి కోరతారు. తమను అదనపు బీమాదారుగా చేర్చమంటారు, తాళాలు ఇచ్చే ముందే సర్టిఫికెట్ అడుగుతారు. ముందరి అద్దాల బాధ్యతను అద్దెదారు మీద పెట్టే లీజులూ ఉంటాయి.

ప్యాకేజీ పాలసీ

ఆస్తి బీమా, బాధ్యత బీమా, ఆదాయ నష్ట బీమా కలిపి చిన్న వ్యాపారులకు అమ్మేదాన్ని బిజినెస్ ఓనర్స్ పాలసీ అంటారు. వాడుకలో బీఓపీ. పాలసీల నమూనాలు తయారుచేసే ఇన్సూరెన్స్ సర్వీసెస్ ఆఫీస్ అనే సంస్థ 1976లో దీనికి ప్రామాణిక రూపం ఇచ్చింది. నిప్పు, పొగ, పగిలిన పైపు నీరు, దొంగతనం, గాలివాన ఇందులో ఉంటాయి. భూమి కదలిక, వరద, యుద్ధం, ఉద్యోగి చేతివాటం ఉండవు. డిసెంబరు పండుగల ముందు సరుకు పెరుగుతుంది కాబట్టి ప్రామాణిక బీఓపీలో సరుకు పరిమితి ఆ కాలంలో 25 శాతం పెరిగే వీలుంది. గడిచిన 12 నెలల సగటు సరుకు విలువకు తగ్గకుండా బీమా చేసి ఉంటేనే ఇది వర్తిస్తుంది.

దుకాణం పేరు మీద వాహనం ఉంటే వాణిజ్య వాహన బీమా వేరేగా తీసుకోవాలి. ఉద్యోగి తన సొంత కారులో సరుకు తేవడానికి వెళ్లి ఎవరినైనా గుద్దితే దుకాణం మీద కూడా దావా పడుతుంది. దీనికి అద్దె వాహనాలు, ఇతరుల వాహనాల వాడకం వల్ల వచ్చే బాధ్యతకు ఉద్దేశించిన చిన్న అదనపు కవరు ఉంటుంది.

సరుకు విలువ కట్టడం

ఈ రంగంలో బీమాకు అసలు పరీక్ష ఇక్కడే. సీలు విప్పని కార్డు పెట్టెకు టోకు ధర ఉంటుంది, కాలిపోతే మళ్లీ అదే కొనవచ్చు. గాజు అల్మరాలో విడిగా పెట్టిన కార్డుకు టోకు ధర ఉండదు. దాని ధర వారం వారం మారుతుంది. కార్డు స్థితిని బట్టి గ్రేడింగ్ సంస్థ ఇచ్చిన అంకెలో ఒక్కటి తేడా వచ్చినా ధర ఎన్నో రెట్లు మారిపోతుంది. పీఎస్‌ఏ అనే గ్రేడింగ్ సంస్థ నుంచి 10 గ్రేడు వచ్చిన ‘పికాచు ఇలస్ట్రేటర్’ కార్డు ఒకటి 2021లో 52,75,000 డాలర్ల విలువకు చేతులు మారింది. మామూలు షాపులో అంతటివి ఉండకపోయినా, చొక్కా జేబులో పట్టే కార్డు నెల అద్దెకు సమానం కావడం అరుదు కాదు.

ప్రామాణిక ఆస్తి పాలసీలో మూడు నిబంధనలు ఇక్కడ అడ్డొస్తాయి. మొదటిది, కొత్తది కొనే ఖర్చు ఇచ్చే పద్ధతి కళాఖండాలకు, పురాతన వస్తువులకు, అరుదైన వస్తువులకు వర్తించదు. పాత కార్డులను అరుదైన వస్తువులుగా చూపి తరుగు తీసిన విలువే ఇస్తామని కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే అడ్జస్టరు వాదించే అవకాశం ఉంది. రెండోది, అమ్మి ఇంకా అందజేయని సరుకుకు మాత్రమే అమ్మకపు ధర లెక్కకు వస్తుంది. మిగతా సరుకులో లాభం కలవదు. మూడోది కో-ఇన్సూరెన్స్, అంటే సరుకు విలువలో నిర్ణీత శాతానికి తగ్గకుండా బీమా చేయాలన్న షరతు. ఈ నిబంధన 80 శాతం అనుకుంటే, 2 లక్షల డాలర్ల సరుకున్న దుకాణం కనీసం 1,60,000కు బీమా చేయాలి. లక్షకే చేస్తే, 40 వేల నష్టంలో కంపెనీ ఇచ్చేది 25 వేలు. అందులోంచి డిడక్టిబుల్, అంటే యజమాని తనే భరించాల్సిన మొదటి మొత్తం కూడా పోతుంది. సరుకు కొనకుండానే ధరలు పెరిగి దుకాణం తక్కువ బీమా స్థితిలో పడడం కార్డుల వ్యాపారంలో మామూలే.

దీనికి విరుగుడు ఒప్పుకున్న విలువ పద్ధతి. జాబితా, ధర ఆధారాలు చూపి కంపెనీతో ముందే విలువ ఖరారు చేసుకుంటారు. సేకరణ వస్తువులకు, వాటి వర్తకులకు మాత్రమే పాలసీలు ఇచ్చే కలెక్టిబుల్స్ ఇన్సూరెన్స్ సర్వీసెస్ వంటి సంస్థలు 1966 నుంచి ఉన్నాయి. దుకాణం గోడలు దాటిన సరుకుకు కూడా ఇలాంటి పాలసీలే పనికొస్తాయి. కార్డు ప్రదర్శనలకు పెట్టెలు మోసుకెళ్లేవారికి, తపాలాలో కార్డులు పంపేవారికి బీఓపీలోని పరిమితి చాలదు. అమెరికా తపాలా శాఖ రిజిస్టర్డ్ మెయిల్‌లో 50 వేల డాలర్ల వరకు బీమా ఇస్తుంది.

పరాయి సొత్తు మరో చిక్కు. గ్రేడింగ్ కోసం ఖాతాదారులు ఇచ్చిన కార్డులు, కమిషన్ మీద అమ్మిపెట్టమని ఇచ్చిన పాత కిట్లు, రాత్రి బల్ల మీద మరిచిపోయిన డెక్కులు దుకాణం సొంతవి కావు. బాధ్యత బీమా తన సంరక్షణలో ఉన్న పరాయి వస్తువులను మినహాయిస్తుంది. ఆస్తి బీమా చాలా తక్కువ మొత్తానికి పరిమితం చేస్తుంది. గ్రేడింగ్ కార్డులు తీసుకునే దుకాణానికి ఇతరుల సొత్తు మీద వేరే కవరు తప్పదు.

దొంగతనం

2021 నవంబరు 20న శాన్ రామన్‌కు ఉత్తరాన ఉన్న వాల్నట్ క్రీక్‌లో సుమారు 80 మంది గుంపు ఒక పెద్ద దుకాణం మీద పడి నిమిషాల్లో సరుకు ఎత్తుకుపోయింది. మరో సందర్భంలో శాన్ రామన్ సిటీ సెంటర్‌లోని నగల దుకాణం కూడా ముసుగు దొంగల దోపిడీకి గురైంది. తేలిక, చిన్న పరిమాణం, ఎక్కడైనా అమ్ముడుపోయే గుణం ఉన్న కార్డులకు నగల లక్షణాలే ఉన్నాయి. పోకెమాన్ గిరాకీ మితిమీరి గొడవలు జరగడంతో టార్గెట్ సంస్థ 2021 మేలో తన దుకాణాల్లో ఈ కార్డుల అమ్మకాన్ని కొంతకాలం ఆపేసింది.

తాళం పగలగొట్టి చేసిన దొంగతనానికి బీఓపీ డబ్బు ఇస్తుంది, తరచూ అలారం ఉండాలన్న షరతుతో. మూడు రకాల నష్టాలకు మాత్రం ఇవ్వదు. లెక్క చూస్తే తగ్గిందన్నది తప్ప మరో ఆధారం లేని లోటు ఒకటి. మాయమాటలకు నమ్మి యజమానే స్వయంగా చేతికిచ్చిన వస్తువు రెండోది. ఉద్యోగి దొంగతనం మూడోది, దీనికి క్రైమ్ పాలసీ వేరుగా ఉంది. అసలు కార్డు తీసుకుని నకిలీ పెట్టి వెళ్లడం, రెండు బైండర్లు చూస్తూ ఒకదాన్ని సంచిలో వేసుకోవడం ఈ మొదటి రెండు వర్గాల్లోకి జారిపోతాయి. అందుకే కెమెరా రికార్డు, రోజువారీ జాబితా, ఫోటోలు క్లెయిముకు పునాది అవుతాయి.

చిన్న దొంగతనాలకు బీమా పనికిరాదు, డిడక్టిబులే దాన్ని మింగేస్తుంది. 2014 నాటి ప్రతిపాదన 47 ప్రకారం 950 డాలర్ల లోపు దొంగతనం తేలికపాటి నేరం. 2024 నవంబరులో ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన 36 పదేపదే దొంగిలించేవారికి శిక్ష పెంచింది.

బల్లల దగ్గర బాధ్యత

ఆడేవారు ఎక్కువసేపు ఉంటారు, వారిలో పిల్లలు ఎక్కువ. తీగ తగిలి పడడం, కుర్చీ విరగడం, అల్మరా అద్దం గుచ్చుకోవడం సాధారణ బాధ్యత బీమా కిందికి వస్తాయి. ఆవరణలోకి వచ్చినవారి హోదాతో నిమిత్తం లేకుండా అందరి పట్లా తగిన జాగ్రత్త చూపాలని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1968లో రోలండ్ వర్సెస్ క్రిస్టియన్ కేసులో చెప్పింది. తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించుకునే అంగీకార పత్రం మామూలు నిర్లక్ష్యం దావాలకు కొంత రక్షణ ఇస్తుంది, ఘోరమైన నిర్లక్ష్యానికి ఇవ్వదు. ఆటల రాత్రుల సంగతి దరఖాస్తులో దాచిపెట్టి ‘పుస్తకాలు, బొమ్మల అమ్మకం’ అని రాస్తే, వాస్తవాలు దాచారన్న కారణంతో కంపెనీ పాలసీనే రద్దు చేయవచ్చు.

అమ్మిన వస్తువు వల్ల జరిగే హానికి కాలిఫోర్నియా చట్టం కఠినం. తప్పు రుజువు చేయనక్కర్లేని ఉత్పత్తి బాధ్యత 1963లో గ్రీన్‌మన్ వర్సెస్ యూబా పవర్ ప్రొడక్ట్స్ తీర్పుతో స్థిరపడింది. ఆ కేసుకు మూలం ఇంట్లో వడ్రంగం సరదాగా చేసుకునే ఒక వ్యక్తికి క్రిస్మస్ కానుకగా వచ్చిన షాప్‌స్మిత్ యంత్రం. అంటే హాబీ సామానే. మరుసటి ఏడాది వాండర్‌మార్క్ తీర్పు ఆ బాధ్యతను చిల్లర వర్తకులకూ విస్తరించింది. 2020లో బోల్జర్ కేసులో, మూడో వ్యక్తి తన వేదిక మీద అమ్మిన ల్యాప్‌టాప్ బ్యాటరీ పేలినందుకు అమెజాన్ కూడా బాధ్యత వహించాల్సి రావచ్చని రాష్ట్ర అప్పీలు కోర్టు చెప్పింది.

రిమోట్ కార్లలో, డ్రోన్లలో వాడే లిథియం పాలిమర్ బ్యాటరీ ఉబ్బినా, గుచ్చుకున్నా, మితిమీరి చార్జ్ అయినా మండిపోతుంది. మోడళ్లకు వేసే లాకర్ రంగులు, థిన్నర్లు, స్ప్రే డబ్బాలు మంటను పెంచుతాయి. బ్యాటరీలు ఎక్కడ నిల్వ చేస్తారు, దుకాణంలో చార్జ్ చేస్తారా, ఎయిర్‌బ్రష్ తరగతులు ఉన్నాయా అని కంపెనీలు అడగడం అందుకే. మామూలు బాధ్యత పాలసీ విమానాల వల్ల కలిగే హానిని మినహాయిస్తుంది, డ్రోన్లు ఎగరేసి చూపించే దుకాణం ఈ వాక్యాన్ని చదువుకోవాలి.

వైకల్యం ఉన్నవారికి దారి, కౌంటరు ఎత్తు, మరుగుదొడ్డి సరిగా లేకపోతే అన్రూ పౌరహక్కుల చట్టం కింద ఒక్కో సందర్భానికి కనీసం 4 వేల డాలర్ల పరిహారం పడుతుంది. సాధారణ బాధ్యత పాలసీ దీన్ని సాధారణంగా భరించదు. బల్లల మధ్య చక్రాల కుర్చీ తిరిగేంత దారి వదలడమే చౌకైన మార్గం.

భూకంపం, వరద, కరెంటు

కలావెరస్ భ్రంశం శాన్ రామన్ లోయ గుండా పోతుంది. 1861 జూలైలో ఈ లోయలో బలమైన భూకంపం వచ్చింది. 2015 అక్టోబరులో రోజుల తరబడి చిన్న ప్రకంపనలు గుంపుగా ఊరిని కుదిపాయి. ప్రామాణిక వాణిజ్య పాలసీ భూమి కదలికను పూర్తిగా మినహాయిస్తుంది. 1994 నార్త్‌రిడ్జ్ భూకంపం తరువాత 1996లో పుట్టిన కాలిఫోర్నియా ఎర్త్‌క్వేక్ అథారిటీ ఇళ్లకే బీమా ఇస్తుంది, దుకాణాలకు ఇవ్వదు. వ్యాపారులు ప్రైవేటు కంపెనీల దగ్గర విడి కవరు కొనాలి. దీని డిడక్టిబుల్ నిర్ణీత డాలర్లలో ఉండదు, బీమా విలువలో శాతంగా ఉంటుంది. 2 లక్షల సరుకు మీద 15 శాతం అంటే మొదటి 30 వేలు యజమాని జేబులోంచే పోవాలి. అయితే భూకంపం తరువాత రేగిన మంటల నష్టాన్ని రాష్ట్ర ప్రామాణిక అగ్ని పాలసీ భరిస్తుంది. అల్మరాలను గోడకు బిగించడం, అద్దం తలుపులకు గొళ్లేలు పెట్టడం ఈ ఊళ్లో బీమాకు ముందు చేయవలసిన పనులు.

వరదకు సమాఖ్య వరద బీమా పథకం 1968 నుంచి ఉంది, దుకాణంలోని సరుకుకు 5 లక్షల డాలర్ల వరకు ఇస్తుంది. కార్చిచ్చు భయంతో విద్యుత్ సంస్థ ముందుజాగ్రత్తగా 2019 అక్టోబరులో కాంట్రా కోస్టా కౌంటీలోని కొన్ని ప్రాంతాలకు కరెంటు ఆపింది. ఆవరణ బయట మొదలైన ఇలాంటి కోత వల్ల వ్యాపారం పోతే అదనపు కవరు లేనిదే పరిహారం రాదు.

వ్యాపారం ఆగినప్పుడు

ఆస్తికి భౌతిక నష్టం జరిగి దుకాణం మూతపడితే పోయిన లాభాన్ని, ఆగని ఖర్చులను ఆదాయ బీమా ఇస్తుంది. చాలా పాలసీల్లో మొదటి 72 గంటలు లెక్కలోకి రావు. ‘భౌతిక’ అన్న మాట బరువెంతో 2020లో తెలిసింది. కాంట్రా కోస్టాతో సహా బే ఏరియా కౌంటీలు మార్చి 16న ఇళ్లలోనే ఉండాలని ఆదేశించాయి. ఆట బల్లలు ఖాళీ అయ్యాయి. 2006 నుంచే చాలా పాలసీల్లో వైరస్ మినహాయింపు ఉంది. అది లేని పాలసీల విషయంలో కూడా, ఆవరణలో వైరస్ ఉన్నంత మాత్రాన సాధారణంగా భౌతిక నష్టం కాదని రాష్ట్ర సుప్రీంకోర్టు 2024 మేలో అనదర్ ప్లానెట్ ఎంటర్‌టైన్‌మెంట్ కేసులో తేల్చింది.

కంపెనీ ఎంపిక, ప్రీమియం, క్లెయిము

1988 నాటి ప్రతిపాదన 103 వల్ల బీమా కమిషనరు ప్రజల ఓటుతో ఎన్నికవుతాడు, చాలా రేట్లకు ముందస్తు అనుమతి కావాలి. కార్చిచ్చుల నష్టాలు, పునర్నిర్మాణ ఖర్చులు పెరగడంతో స్టేట్ ఫార్మ్ సంస్థ 2023 మేలో ఇళ్లతో పాటు వ్యాపార ఆస్తి పాలసీలకూ కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపేసింది. మార్కెట్‌లో దొరకనివారికి 1968లో ఏర్పడిన ఫెయిర్ ప్లాన్ ప్రాథమిక అగ్ని రక్షణ ఇస్తుంది, దొంగతనం, బాధ్యత అందులో ఉండవు. అరుదైన సరుకు ఉన్నవారిని బ్రోకర్లు రాష్ట్ర అనుమతి లేని, సర్‌ప్లస్ లైన్స్ అనే కంపెనీలకు పంపుతారు. అలాంటి కంపెనీ దివాలా తీస్తే రాష్ట్ర గ్యారంటీ సంఘం ఆదుకోదు, అది రాష్ట్ర అనుమతి ఉన్న కంపెనీల పాలసీలకే హామీ.

ప్రీమియాన్ని సరుకు విలువ, అమ్మకాలు, విస్తీర్ణం, స్ప్రింక్లర్లు, అలారం, పాత క్లెయిములు నిర్ణయిస్తాయి. వర్కర్స్ కాంపెన్సేషన్‌ను ప్రతి 100 డాలర్ల జీతానికి ఇంత అని కడతారు. క్లెయిము అందిన 15 రోజుల్లో కంపెనీ స్పందించాలి, ఆధారాలు అందిన 40 రోజుల్లో అవునో కాదో చెప్పాలి, ఒప్పుకున్న సొమ్మును 30 రోజుల్లో చెల్లించాలి.

తెలుగు రాష్ట్రాలతో పోలిక

భారత బీమా నియంత్రణ సంస్థ కేంద్ర కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. అది రూపొందించిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 5 కోట్ల రూపాయల లోపు ఆస్తి ఉన్న చిన్న వ్యాపారాలకు ఇది ప్రామాణిక రూపం. ఇందులో భూకంపం, వరద మూల పాలసీలోనే ఉన్నాయి. దొంగతనానికి మాత్రం విడిగా బర్గ్‌లరీ పాలసీ తీసుకోవాలి. శాన్ రామన్‌లో ఇది తలకిందులు. దొంగతనం మూల పాలసీలో ఉంటుంది, భూకంపం, వరద బయట ఉంటాయి. తక్కువ బీమా విషయంలో కూడా తేడా ఉంది. భారత పాలసీ 15 శాతం వరకు లోటును క్షమిస్తుంది. హైదరాబాదు దుకాణం అనుభవంతో శాన్ రామన్‌లో పాలసీ కొనేవారు ‘అన్నీ ఉన్నాయి’ అన్న ఏజెంటు మాట కన్నా మినహాయింపుల పేజీనే ముందు చదవాలి. కార్డుల విలువ, బల్లల దగ్గర జనం, కాళ్ల కింద భ్రంశం ఈ మూడింటికీ అందులో జవాబు దొరకకపోతే విడి కవరు అడగాలి.